సెల్ఫ్ తిరిగినా అందుకోని పాత ట్రాక్టరు



మృగశిర కార్తెలో మొదటి గట్టివాన పడిన మరునాడు మన చెలకల్లో ఎట్లా తెల్లవారుతుందో మీకు నేను చెప్పవలసిన పని లేదు. దేవరకొండ వైపు పోయినా, కల్వకుర్తి, అచ్చంపేట వైపు పోయినా ఒకటే హడావుడి. రాత్రి కురిసిన వాన ఎర్రచెలకలో రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు పదును నిలుపుతుంది. రేగడి భూమి ఇంకా కొంత ఓపిక పడుతుంది గాని, చెలకకు ఆ ఓపిక లేదు. ఆ రెండు మూడు రోజుల్లోనే దుక్కి కావాలి, అచ్చు తోలుకోవాలి, పత్తిగింజ పెట్టుకోవాలి. కందో, ఆముదమో వేసేవారు వాటినీ అప్పుడే వేసుకోవాలి.

సరిగ్గా ఆ పొద్దుటే ఇంటి ముందటి పాత ట్రాక్టరు మొండికేస్తుంది. తాళంచెవి తిప్పితే సెల్ఫ్ కొడుతుంది, ఇంజను గిరగిర తిరుగుతుంది. కాని అందుకోదు. మళ్ళీ తిప్పుతాము, మళ్ళీ అంతే. చుట్టూ నలుగురు చేరుతారు, నాలుగు మాటలు చెబుతారు. ఈ వేళ నేను ఆ ట్రాక్టరును గురించే మాట్లాడదలచుకున్నాను.

నేను ఇంజనీరును కాను. పాత ట్రాక్టరు కొని, దానిని పాడుచేసుకొని, ఆ నష్టం వల్ల నాలుగు సంగతులు తెలుసుకొన్నవాణ్ణి. మొదట నా బుద్ధితక్కువతనం చెబుతాను.

2013లో సంగతి. నా ట్రాక్టరు రెండు సిలిండర్లది, చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. ఎండాకాలం మూడు నెలలు పని లేక వేపచెట్టు కింద పడి వున్నది. వాన పడ్డ పొద్దుట మా డ్రైవరు పిల్లవాడు వచ్చి, "అన్నా, సెల్ఫ్ కొడ్తున్న గని అందుకుంటలేదు" అన్నాడు. "ఇంకోసారి కొట్టు" అన్నాను. అట్లా ఇంకోసారి, ఇంకోసారి అని బ్యాటరీ దిగిపోయేదాకా కొట్టించాను. పక్క చేను ఆయన ట్రాక్టరుకు గొలుసు కట్టి బాట పొడుగునా ఈడిపించాను. వెనక చక్రాలు తడినేల మీద జారినవే గాని ఇంజను మాత్రం అందుకోలేదు. మండల కేంద్రం నుంచి ఒక మెకానిక్కును పిలిపిస్తే, ఆయన చూసీ చూడగానే పంపు పోయిందన్నాడు. విప్పి పట్నం తీసుకపోయి, రెండు రోజుల తర్వాత తెచ్చి బిగించాడు. బిల్లు కట్టాను. అప్పుడూ అందుకోలేదు.

నాలుగో నాడు మా వూరి పెద్ద డ్రైవరొకాయన అటుగా పోతూ ఆగాడు. మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టి ఒకే ఒక మాట అడిగాడు: "సెల్ఫ్ కొట్టినప్పుడు సైలెన్సర్ల నుంచి పొగ వస్తున్నదా, బిడ్డా?"

నాలుగు రోజుల్లో అటువైపు చూసినవాడు మాలో ఒక్కడూ లేడు. చూస్తే, పొగ చుక్క లేదు. ఆయన ఇంజను బందు చేసే తీగను పట్టుకొని వెనకకు పోయాడు. ఎండాకాలంలో ఆ తీగ గొట్టంలోనే తుప్పుపట్టి బిగుసుకున్నది. ఇవతల పిడి లోపలికి పోతున్నదే గాని, అవతల పంపు మీది లివరు బందు వైపే వుండిపోయింది. అనగా మేము ఒక చేత్తో ఇంజనును బందుచేసి పట్టుకొని, ఇంకొక చేత్తో స్టార్టు చేస్తున్నామన్నమాట! ఆయన లివరును వేలితో తోశాడు, గొట్టాల్లో గాలి తీశాడు, సెల్ఫ్ కొట్టాడు. మూడోసారికి అందుకున్నది. పంపును గుర్తు ప్రకారమే బిగించి వుండడం నా అదృష్టం. కాని అప్పటికి చెలక ఎండి గట్టిపడింది. తర్వాతి వానకు పన్నెండు రోజులు చూశాను. ఆ యేడు పత్తి చేను చివరిదాకా వెనకబడే వున్నది.

ఆయన ఆ పొగ సంగతి ఎందుకు అడిగాడో తెలియాలంటే డీజిలు ఇంజను ఎట్లా మండుతుందో కొంచెం తెలియాలి. 1897లో జర్మనీ దేశంలోని ఆగ్స్‌బర్గులో రుడాల్ఫ్ డీజిల్ అనే ఆయన ఈ ఇంజనును నడిపి చూపించాడు. ఆయన పేరే మనం ఆ నూనెకు కూడా పెట్టుకొన్నాము. పెట్రోలు బండికి మల్లె దీనిలో నిప్పురవ్వ వేసే ప్లగ్గు వుండదు. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం మీరు చూసే వుంటారు. ఇదీ అంతే. ఇంజను 16, 17 వంతుల గాలిని ఒక్క వంతు చోటులోకి అణుస్తుంది. ఆ గాలి 500 డిగ్రీల సెంటిగ్రేడుకు పైగా వేడెక్కుతుంది. ఆ క్షణాన నాజిలు డీజిలును మంచుపొడిలాగా చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. ఆ విధంగా దీనికి కావలసినవి వేగంగా తిరగడం, గాలి బాగా అణగడం, సమయానికి డీజిలు పడడం. ఈ మూడిట్లో ఏది తప్పినదో చెప్పేది సైలెన్సరు మూతి.

కనుక ట్రాక్టరు అందుకోని నాడు మొదట చేయవలసిన పని ఇది. గేరు న్యూట్రలులో వున్నదా, బ్రేకు పట్టి వున్నదా చూసుకొని ఒకరు సీటులో కూర్చోవాలి. రేసు లివరు సగానికి పైగా లాగి, పది సెకన్లు, అంతకు మించకుండా సెల్ఫ్ కొట్టాలి. ఇంకొకరు పక్కన దూరంగా నిలబడి సైలెన్సరును చూడాలి. మళ్ళీ కొట్టేముందు ఒక నిమిషం ఆగాలి, లేకుంటే సెల్ఫ్ మోటారు కాలుతుంది.

ఈ చోట ఒక మాట గట్టిగా చెప్పాలి. తాళం పని చేయడం లేదని కిందనే నిలబడి, స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ మోటారు బోల్టులను కలిపి స్టార్టు చేసేవారు మనలో చాలామంది వున్నారు. బండి గేరులో వుంటే, అందుకున్న మరుక్షణం కదులుతుంది. ఆ మనిషి నిలబడేది పెద్ద చక్రం ముందరనే గదా! ఇట్లా చక్రం కిందపడి ప్రాణాలు పోయినవారు వున్నారు. తాళం బాగుచేయించుకొనే ఖర్చు ఎంతని?

వాన రాత్రి సైలెన్సరు మీద డబ్బా బోర్లించడం మరచిపోతే అసలు సెల్ఫే కొట్టకూడదు. నిటారు సైలెన్సరులో పడ్డ నీళ్ళు ఒక్కొక్కప్పుడు సిలిండరులోకి దిగుతాయి. గాలి అణుగుతుంది గాని నీళ్ళు అణగవు. బలవంతాన తిప్పితే, మరీ ముఖ్యంగా గొలుసు కట్టి ఈడిస్తే, లోపలి కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. ముందు ఫ్యాను బెల్టు పట్టుకొని చేత్తో నెమ్మదిగా తిప్పి చూడండి. ఎక్కడైనా గట్టిగా తట్టి ఆగిందా, నాజిళ్ళు విప్పి నీళ్ళు పోగొట్టిన తర్వాతనే సెల్ఫ్ జోలికి పోవాలి. తాళంచెవి తీసి జేబులో పెట్టుకొన్న తర్వాతనే బెల్టు మీద చెయ్యి వేయాలి.

సరే, సెల్ఫ్ కొట్టినాము. పొగ ఏమీ రాలేదనుకుందాము. అంటే డీజిలు సిలిండరు దాకా రావడం లేదు. పదిలో ఎక్కువ పాళ్ళు కథ ఇక్కడనే వుంటుంది, కనుక దీన్ని కాస్త నిదానంగా చెబుతాను.

బందు తీగ సంగతి చెప్పనే చెప్పాను. పిడిని చూసి నమ్మవద్దు, పంపు దగ్గరికి పోయి లివరు కదిలిందో లేదో కంటితో చూడాలి. ట్యాంకిలో డీజిలు వున్నదా, కాక్ తెరిచి వున్నదా అని అడిగితే నవ్వుతారు గాని, డీజిలు దొంగల భయానికి రాత్రి కాక్ మూసి పొద్దున మరచినవారిని నేనెరుగుదును. ట్యాంకి మూతకు గాలి పీల్చే సన్నని రంధ్రం వుంటుంది. మన ఎర్రదుమ్ము దానిలో పడి, పైన చినుకు పడితే మైనం పెట్టినట్లు మూసుకపోతుంది. అప్పుడు ట్రాక్టరు పది నిమిషాలు నడిచి ఆగుతుంది, కాసేపటికి మళ్ళీ అందుకుంటుంది, మళ్ళీ ఆగుతుంది. మూత వదులు చేస్తే 'సుస్సు'మని గాలి పీలిస్తే తెలిసిపోయినట్లే. చీపురుపుల్లతో పోయే రోగమది.

ఇవన్నీ సరిగా వుంటే ఇక గాలి పట్టినదన్నమాటే. బావి మీద ఆయిలింజను పెట్టి నీళ్ళు తోడినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఫుటువాల్వు కారి గొట్టంలో గాలి చేరితే పంపు ఎంత తిరిగినా నీళ్ళు ఎత్తదు గదా! డీజిలు గొట్టంలోనూ అంతే. పంపు నొక్కిన ఒత్తిడికి నూనె బదులు గాలిబుడగ అణుగుతుంది, నాజిలు నోరు తెరవదు. ట్యాంకి ఒకసారి పూర్తిగా ఖాళీ అయినా, ఫిల్టరు మార్చినా గాలి పడుతుంది.

పాత బండికి ఇంకొక రోగమున్నది. ట్యాంకి నుంచి ఫీడ్ పంపు దాకా వున్న గొట్టంలో ఎక్కడో సన్నని చీలిక వుంటుంది, లేదా రాగి వాషరు అరిగి వుంటుంది. ఆ భాగంలో పంపు పీల్చుతుంది గనుక డీజిలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. బయట తడి లేదు గనుక ఎవరికీ అనుమానం రాదు. రాత్రంతా డీజిలు నెమ్మదిగా ట్యాంకికి దిగిపోయి, పొద్దున గొట్టం ఖాళీగా వుంటుంది. రోజూ పొద్దున మొరాయించి, ఒకసారి అందుకున్న తర్వాత మామూలుగా నడిచే ట్రాక్టరుకు ముందు ఈ గొట్టాన్నే అనుమానించండి. అక్కడ ఒక జానెడు పారదర్శకమైన డీజిలు పైపు వేసి చూస్తే బుడగలు కంటికే కనబడుతాయి.

గాలి తీయడం పెద్ద విద్య కాదు, కాని వరుస తప్పకూడదు. డీజిలు నడిచే దారి వెంటనే మనమూ నడవాలి. మొదటి ఫిల్టరు పైని స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపు మీది చేతిపంపును కొడుతూ వుండాలి. మొదట నురుగు వస్తుంది, తర్వాత బుడగలు, ఆ తర్వాత నిండుధార. ధార వస్తూ వుండగానే స్క్రూ బిగించాలి. పిమ్మట రెండవ ఫిల్టరుకు, ఆ పిమ్మట పెద్ద పంపు మీది స్క్రూకు ఇదే పని. ఎంత కొట్టినా మొదటి ఫిల్టరు దగ్గరకే డీజిలు రాకపోతే లోపం వెనక వున్నది, ముందుకు పోయి లాభం లేదు. ట్యాంకి కింది గాజుగిన్నె చూడండి, చెత్త అడ్డం పడి వుంటుంది. చివరకు నాజిళ్ళ దగ్గర సన్న ఇనుప గొట్టాల నట్లు ఒక చుట్టు వదులుచేసి, రేసు పూర్తిగా లాగి సెల్ఫ్ కొడితే ప్రతి నట్టు దగ్గరా డీజిలు ఉబికి ఉబికి రావాలి. అన్నిటి దగ్గరా వచ్చిన తర్వాత బిగించి స్టార్టు చేయడమే.

ఆ సన్న గొట్టాల దగ్గర మాత్రం వేలు పెట్టవద్దు, అరచెయ్యి అడ్డం పెట్టవద్దు. నాజిలు నోట డీజిలు చదరపు సెంటీమీటరుకు 150 కిలోలకు పైబడిన ఒత్తిడితో వస్తుంది. చర్మాన్ని సూదిలాగా తొలుచుకొని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాయమే కనబడుతుంది, నొప్పి కూడా మొదట వుండదు. కొన్ని గంటల్లో లోపలి కండ చెడిపోయి వేలు, ఒక్కొక్కప్పుడు చెయ్యే తీసివేయవలసి వస్తుంది. అట్లా జరిగితే పసుపు అద్దుకొని ఇంట్లో కూర్చోక, వెంటనే పెద్దాసుపత్రికి పోయి "డీజిలు ఒత్తిడితో లోపలికి పోయింది" అని ఆ మాటే చెప్పాలి.

డీజిలులో నీళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బంకు నుంచి డబ్బాల్లో తెచ్చి వాకిట్లో పెట్టుకుంటాము. మూత సరిగా వుండదు, పైన వాన. ట్యాంకి సగం ఖాళీగా వుంటే రాత్రి చల్లదనానికి లోపలి గాలిలోని తేమ గోడలకు పట్టి చుక్కలై దిగుతుంది. కాస్త డీజిలును గాజుసీసాలోకి వదిలి కొంచెంసేపు కదలకుండా పెట్టండి. నీళ్ళు అడుగున వేరుగా నిలుస్తాయి. పంపుకు నీటికంటె పగవాడు లేడు. డిస్ట్రిబ్యూటరు రకం పంపుకైతే లోపలి భాగాలకు జారుడు ఇచ్చేది ఆ డీజిలే, కనుక నీళ్ళు పోతే త్వరగా పట్టేస్తుంది. సాయంత్రం పని నుంచి రాగానే ట్యాంకి నింపి, పొద్దున గాజుగిన్నె అడుగు స్క్రూ తిప్పి నాలుగు చుక్కలు వదలడం మంచి అలవాటు.

ఇక తెల్లపొగ వచ్చిందనుకుందాము, ముక్కుకు పచ్చి డీజిలు వాసన. అంటే డీజిలు పడుతున్నది గాని మండడం లేదు. గాలి తీయడం, పంపు విప్పడం అనవసరం. ఇంజను ఎంత వేగంగా తిరుగుతున్నదో చెవితో వినండి. నిమిషానికి నూరు చుట్లన్నా తిరగకపోతే గాలి వేడెక్కదు. బ్యాటరీ కొమ్ముల మీద తెల్ల బూజు పట్టి వుంటే వేడినీళ్ళతో కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది బిగించాలి. ఇంజనుకు కలిపిన ఎర్తు తీగను ఎవరూ చూడరు, దానినీ చూడాలి. పుష్యమాసపు చలిలో హీటరు వున్న మోడళ్ళకు హీటరు పని చేస్తున్నదా అన్నది కూడా ముఖ్యమే.

వేగం బాగానే వున్నా తెల్లపొగే వస్తూ, ఇంజను బ్రీదరు గొట్టంలో నుంచి బుస్సుమని ఆవిరి కొడుతూ వుంటే రింగులు, లైనర్లు అరిగినవని అనుమానించాలి. అది చేలో గట్టు మీద నయమయ్యేది కాదు. ఆ రోజుకు కిరాయి ట్రాక్టరు మాట్లాడుకొని పదును దక్కించుకోండి, ఇంజను పని ఆ తర్వాత చూసుకోవచ్చు. కిరాయి డబ్బు చూసుకొని అదును పోగొట్టుకోవడం ఏమి లెక్క?

నల్లపొగ వచ్చి అందుకోకపోవడం అరుదు. వస్తే ఎయిర్‌క్లీనరు విప్పండి. దాని అడుగు గిన్నెలో ఆయిలు బురదై వుంటుంది.

మెకానిక్కు పిలుపు వచ్చేవరకు ఆగక, ఎయిర్‌క్లీనరు మూతి దగ్గర గుడ్డ తగలబెట్టి స్టార్టు చేయడం కొన్ని వూళ్ళల్లో చూశాను. ఆ నిప్పు లోపలికి పోయి రబ్బరు గొట్టాలు అంటుకుంటాయి, పక్కన డీజిలు తడి వుండనే వున్నది. ఈథరు స్ప్రే కొట్టడం అంతకంటె ప్రమాదం. ముందుగానే పేలి పిస్టనును, రింగులను పగలగొడుతుంది. గొలుసు కట్టి ఈడ్చడం వల్ల ఉపయోగం బ్యాటరీ బలహీనమైనప్పుడు మాత్రమే. పొగే రాని ట్రాక్టరును పాలమూరు దాకా ఈడ్చినా అందుకోదు.

ఇంకొక్క ఆలోచన మీ ముందు పెడతాను. నిన్న సాయంత్రం దాకా చక్కగా నడిచిన ఇంజనుకు రాత్రికి రాత్రి టైమింగు మారదు, రింగులు అరగవు. కనుక ఎవరైనా వచ్చి రాగానే పానా పట్టుకొని పంపు విప్పబోతే, చెయ్యి అడ్డం పెట్టి అడగండి: "అయ్యా, పొగ చూసినవా? నాజిల్ కాడికి డీజిల్ వస్తున్నదా?" నిన్నటికీ ఇవాళటికీ మధ్య ఏమి జరిగింది? ఫిల్టరు మార్చామా, డీజిలు అయిపోయిందా, కొత్త డబ్బా డీజిలు పోశామా, ఎలుక ఏదైనా గొట్టం కొరికిందా? ఇవి మీకు తెలిసినంతగా మెకానిక్కుకు తెలియవు. మీరు చెబితేనే ఆయన పని సులువవుతుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడాలి. నాలుగూ ఒకేసారి కదిలిస్తే ఏది రోగమో, ఏది మందో తెలియకుండా పోతుంది.

ఇదంతా పాత ట్రాక్టర్లకే వర్తిస్తుంది. 2023 జనవరి 1 నుంచి 50 గుర్రపుశక్తికి పైబడిన కొత్త ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చినవి. వాటిలో చాలావాటికి కంప్యూటరుతో నడిచే పంపులు పెట్టారు. వాటి గొట్టాల్లో ఒత్తిడి నేను చెప్పినదానికి ఎన్నో రెట్లు. వాటి నట్లు వదులుచేసే సాహసం ఎవరూ చేయవద్దు.

పాత ట్రాక్టరు వున్నవారు పెట్టెలో ఒక ఫిల్టరు, అరడజను రాగి వాషర్లు, ఒక బారెడు డీజిలు పైపు, రెండు క్లిప్పులు, మీ బండి స్క్రూలకు సరిపోయే పానాలు, ఒక ఖాళీ గాజుసీసా వుంచుకోండి. రోహిణి కార్తె ఎండల్లోనే, పని లేనప్పుడే, ఒకసారి ఇంజను నడిపి చూసి, బందు తీగకు నాలుగు చుక్కలు ఆయిలు వేయండి. నా ట్రాక్టరు తీగ మార్చి పదేళ్ళు దాటింది. ఏటా ఉగాది వెళ్ళిన వారానికి మా డ్రైవరు పిల్లవాడే, ఇప్పుడు పిల్లవాడేమీ కాదు, నేను చెప్పకముందే ఆయిలు డబ్బా పట్టుకొని వేపచెట్టు కిందికి పోతాడు. వాన మబ్బు కనబడితే సైలెన్సరు మీద డబ్బా బోర్లించేదీ అతడే.